తల నడుమ ఉన్న గది: స్ఫినాయిడ్ సైనస్ ఒక్కటే జబ్బు పడితే

"నాకు సైనస్ ఉందండీ" అనే మనిషి మన చుట్టాల్లో కనీసం ఒకరైనా ఉంటారు. చలికాలం వస్తే ముక్కు మూసుకుపోవడం, కనుబొమ్మల మీద బరువు, పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ఇవన్నీ కలిపి మనం సైనస్ అనేస్తాం. నిజానికి సైనస్ లేని మనిషి ఉండడు. అది జబ్బు పేరు కాదు, చోటు పేరు. ముఖం ఎముకల్లో గాలి నిండి ఉండే గదులవి. బుగ్గల్లో రెండు, నుదుటి వెనక రెండు, కళ్ల మధ్య తేనెపట్టులాగా చిన్న చిన్న అరలు. వీటిలో నొప్పి వస్తే వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడ" అని చూపించగలం.

నాలుగో జత ఒకటి ఉంది. దాన్ని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. మా పిన్ని ఐదు నెలలు ప్రయత్నించింది.

అరచెయ్యి మాడు మీద పెట్టుకుని "ఇక్కడ కాదే, దీని కింద, బాగా లోపల" అనేది. ఇంకో రోజు కంటి వెనక అనేది. మరో రోజు మెడ పైభాగం అనేది. ముందు అమృతాంజనం, తర్వాత పారాసిటమాల్, ఆ తర్వాత కళ్లజోడు మార్చడం, అదీ అయ్యాక పార్శ్వపు నొప్పి అని మూడు నెలల మందులు. రాత్రి మూడింటికి నొప్పితో లేచి కూర్చునేది. ముగ్గు వేయడానికి వంగితే తలలో సుత్తితో కొట్టినట్టు ఉందనేది. జలుబు లేదు, ముక్కు కారడం లేదు, జ్వరం లేదు. ఒక సాయంత్రం బస్‌స్టాప్‌లో నిలబడితే వచ్చే బస్సు ఒకటి రెండుగా కనిపించింది. ఒక కన్ను మూస్తే ఒకటే బస్సు, రెండూ తెరిస్తే పక్కపక్కన రెండు.

అప్పుడు ఎంఆర్ఐ తీశారు. మెదడులో ఏమీ లేదు. రిపోర్టు చివర ఒక్క వాక్యం ఉంది: ఎడమ స్ఫినాయిడ్ సైనస్‌లో లోపలి పొర కొద్దిగా మందంగా ఉంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య, సైనసే కదా!" మేం చూపించుకున్న ఒక చోట కూడా అదే మాట అని, పది రోజుల యాంటీబయాటిక్ రాసిచ్చారు.

ఈ వ్యాసం ఆ "సైనసే కదా" అన్న మాట గురించే. బుగ్గ సైనస్ విషయంలో ఆ మాట చాలాసార్లు చెల్లుతుంది. స్ఫినాయిడ్ విషయంలో చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే అది ఎక్కడ ఉందో, దాని గోడకు ఆవల ఏమేం ఉన్నాయో చూడాలి.

గది ఎక్కడుంది

ముక్కు దూలం మొదలు నుంచి తల వెనక్కి ఒక గీత గీయండి. రెండు కణతలనూ కలుపుతూ అడ్డంగా ఇంకో గీత. ఆ రెండూ కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది స్ఫినాయిడ్ సైనస్. ముక్కు రంధ్రం మొదట్నుంచి, ముక్కు అడుగుతో దాదాపు 30 డిగ్రీల కోణంలో పైకి వెళ్తే, సుమారు 7 సెంటీమీటర్ల లోతులో దాని తలుపు వస్తుంది. మీ మధ్యవేలు పొడవు చూసుకోండి, ఇంచుమించు అంత. ఈఎన్‌టీ సర్జన్లు ఆ 7 సెంటీమీటర్లు, 30 డిగ్రీలు అనే లెక్కను చదువుకునే రోజుల్లోనే కంఠతా పడతారు.

ఆ గదిని మోసే ఎముక పేరు కూడా స్ఫినాయిడే. గ్రీకులో ఆ మాటకు మేకులాంటిది అని అర్థం. పుర్రెలోని మిగతా ఎముకల మధ్య దిగ్గొట్టిన మేకులాగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. విడిగా తీసి చూస్తే మాత్రం రెక్కలు చాపిన గబ్బిలంలా కనిపిస్తుంది. హిందీ వైద్య పరిభాషలో దీన్ని జతూకాస్థి అంటారు. సంస్కృతంలో జతూక అంటే గబ్బిలమే. చూసి పెట్టిన పేరు అది, నాకు గ్రీకు పేరు కన్నా ఇదే నచ్చుతుంది. ఆ గబ్బిలం పొట్ట భాగంలో ఉన్న బోలు మన సైనస్. పొట్ట పైభాగాన గుర్రపు జీనులాంటి చిన్న పల్లం ఉంటుంది, అందులో ఒంట్లోని హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది.

పుట్టినప్పుడు ఈ గది ఉండదు. ఎముక నిండా మజ్జే. మూడు నాలుగేళ్ల వయసు నుంచి గాలి చేరడం మొదలై, పన్నెండు పదహారేళ్ల మధ్యకు పెద్దవాళ్ల ఆకారానికి వస్తుంది. ఎంతవరకు తొలుచుకుపోతుందనేది మనిషిని బట్టి మారుతుంది. కొందరిలో శనగగింజంత, కొందరిలో చిన్న నిమ్మకాయంత. పిట్యూటరీ పల్లానికి ముందే ఆగిపోవచ్చు, దాని కిందకు పూర్తిగా వ్యాపించవచ్చు, ఎక్కువమందిలో ఈ రెండోదే జరుగుతుంది. మధ్యలో గోడ పెట్టి కుడి ఎడమ గదులుగా విడగొట్టి ఉంటుంది కానీ, ఆ గోడ సరిగ్గా మధ్యలో ఉండడం అరుదు. ఏదో ఒక పక్కకు వంకర తిరిగి, ఒక్కోసారి నేరుగా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మీది ఎముకకు అతుక్కుని ఉంటుంది. ఈ చిన్న వివరాన్ని గుర్తుపెట్టుకోండి, ఆపరేషన్ దగ్గర మళ్లీ వస్తుంది.

గదికి తలుపు ఒక్కటే. ముందు గోడలో, అడుగున కాదు, బాగా ఎత్తున. నీళ్ల తొట్టికి చిల్లు అడుగున ఉంటే నీళ్లు వాటంతటవే పోతాయి, పైన ఉంటే ఎవరో తోడి పోయాలి. ఇక్కడ తోడిపోసే పని లోపలి పొర మీద ఉండే కంటికి కనబడనంత సన్నని నూగుది. అది ఒకే దిశలో ఊగుతూ శ్లేష్మాన్ని గోడ మీదుగా పైకి నెట్టి ఆ చిన్న రంధ్రంలోంచి బయటకు పంపుతుంది. అక్కడి నుంచి అది గొంతు వెనక్కి జారుతుంది. రంధ్రం వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. చుట్టూ పొర వాచిందా, తలుపు మూసుకున్నట్టే. లోపల ఏం జరిగినా ముక్కు ముందు నుంచి ఏమీ కారదు. మా పిన్నికి జలుబు ఎందుకు లేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

గోడ అవతల ఎవరున్నారు

ఈ గది ప్రాముఖ్యమంతా దాని ఇరుగుపొరుగులోనే ఉంది.

పైన పిట్యూటరీ గ్రంథి. దానికి కాస్త ముందు, పైన, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే కూడలి. పక్క గోడల పైభాగంలో కంటిచూపు నరం ఒక గట్టులా లోపలికి ఉబ్బి కనిపిస్తుంది. దాని కిందుగా ఇంకో గట్టు, అది కెరోటిడ్ ధమని. రెండింటి మధ్యా చిన్న గుంట. ఎండోస్కోపుతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో, లోపలికి వెళ్లిన సర్జన్ మొదట వెతికేది ఆ గుంటనే, ఎందుకంటే అది కనిపిస్తే పైన కన్ను, కింద రక్తనాళం అని తెలుస్తుంది. ఆ గట్ల మీద ఎముక చాలామందిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. కొద్దిమందిలో అక్కడక్కడ అసలు ఎముకే ఉండదు. సైనస్ పొర, నరం తొడుగు, అంతే.

పక్క గోడకు ఆవల కావర్నస్ సైనస్ ఉంటుంది. పేరులో సైనస్ ఉన్నా ఇది గాలి గది కాదు, రక్తం నిండిన సిరల గూడు. కంటిని కదిలించే మూడు నరాలూ, నుదురు, బుగ్గ స్పర్శను తెలిపే రెండు నరాలూ ఇందులోంచే వెళ్తాయి. వీటిలో నాలుగు నరాలు గూడు గోడను పట్టుకుని వెళ్తే, ఆరో కపాల నాడి ఒక్కటే నట్టనడుమ కెరోటిడ్ పక్కన నడుస్తుంది. కంటిని బయటి పక్కకు లాగే కండరానికి ఆజ్ఞ ఇచ్చేది ఆ నాడే. సైనస్‌లోంచి వాపో, ఒత్తిడో వచ్చినప్పుడు తరచుగా దెబ్బ తినేది ఇదే. ఆ కన్ను బయటికి తిరగదు, రెండు కళ్ల చూపూ ఒక చోట కలవదు, ఒక బస్సు రెండు బస్సులవుతుంది.

అడుగున ముక్కు వెనకభాగం. వెనక గోడ మందంగా ఉంటుంది, దాని ఆవల మెదడు కాండం, దానికి రక్తం ఇచ్చే ధమని. ఇంతకన్నా సున్నితమైన ఇరుగు ఒంట్లో ఇంకే గదికీ లేదని నా నమ్మకం.

పాతకాలపు వైద్యులు ఈ చోటును ఇంకోలా ఊహించుకున్నారు. రోమన్ కాలపు గేలెన్ మొదలుకుని వందల ఏళ్లు, ముక్కులోంచి కారే శ్లేష్మం మెదడు నుంచే వడగట్టుకుని ఈ ఎముక మీదుగా కిందికి దిగుతుందని నమ్మారు. పిట్యూటరీ అన్న పేరు కూడా లాటిన్‌లో కఫం అనే మాట నుంచి పుట్టిందే. 1660ల్లో జర్మనీలోని విటెన్‌బర్గ్‌కు చెందిన కాన్రాడ్ విక్టర్ ష్నైడర్, శ్లేష్మం మెదడులోంచి రావడం లేదు, ముక్కు లోపలి పొరే దాన్ని తయారు చేస్తోందని చూపించాడు. మెదడు నుంచి కిందికి దారి లేదని అలా తేలింది. కానీ కింది నుంచి పైకి దారి వేసుకోవచ్చని మరో రెండున్నర శతాబ్దాలకు ఇంకొకరు కనిపెట్టారు. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రక్‌లో హెర్మన్ ష్లోఫర్ ముక్కు మీదుగా స్ఫినాయిడ్ గదిలోకి వెళ్లి, దాని పైకప్పు తెరిచి పిట్యూటరీ కణితిని తీశాడు. ఇప్పుడు పిట్యూటరీ ఆపరేషన్లలో అత్యధికం పుర్రె కోయకుండా ముక్కులోంచే జరుగుతున్నాయంటే ఈ గది దయే. మన ఊళ్లలో "ముక్కులోంచి మెదడు ఆపరేషన్ చేశారట" అని ఆశ్చర్యంగా చెప్పుకునేది దీన్నే.

నొప్పి ఎందుకు ఊళ్లు తిరుగుతుంది

ఈ గది పొరకు స్పర్శ తెలిపే తీగలు ట్రైజెమినల్ అనే పెద్ద నాడి కొమ్మలు. అదే నాడి కళ్లకూ, నుదుటికీ, మెదడు పైపొరకూ వెళ్తుంది. వీధిలో ఒకే లైను మీద ఉన్న నాలుగు ఇళ్లలో ఏ ఇంట్లో షార్ట్ అయిందో స్తంభం దగ్గర నిలబడ్డవాడికి తెలియనట్టే, నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. అందుకే నడినెత్తి, కంటి వెనక, కణత, తల వెనక, ఇలా రోజుకో చోటు. స్ఫినాయిడ్ జబ్బులో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే లక్షణం ఈ తలనొప్పే. వంగితే, దగ్గితే, పడుకుంటే పెరుగుతుంది, నిద్ర చెడగొడుతుంది, మామూలు మాత్రలకు లొంగదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. తలనొప్పులు చాలా రకాలు, వాటిలో అత్యధికం పార్శ్వపు నొప్పో, టెన్షన్ వల్ల వచ్చేదో. మాడు నొప్పి పుట్టగానే స్ఫినాయిడ్ అనుకుని భయపడకండి. సైనస్ ఇన్ఫెక్షన్లు వంద ఉంటే స్ఫినాయిడ్ ఒక్కదానికే పరిమితమైనవి ఒకటి నుంచి మూడు మాత్రమే. కానీ ఇంతకు ముందెప్పుడూ లేని కొత్త తలనొప్పి వారాల తరబడి ఒక్క రోజూ వదలకుండా ఉంటే, రాత్రి నిద్రలేపితే, దానికి తోడు ఒకటి రెండుగా కనిపించడమో, ఒక కంటి చూపు మసకబారడమో, కనురెప్ప వాలిపోవడమో, బుగ్గ మొద్దుబారడమో ఉంటే, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరంతో మెడ బిగుసుకుపోతే గంటలు కూడా ముఖ్యమే.

డాక్టర్ల దగ్గర ఇది ఆలస్యం కావడానికీ కారణాలున్నాయి, అందులో చాలావరకు ఎవరి తప్పూ లేదు. ముక్కులోకి ముందు నుంచి లైటు వేసి చూస్తే ఆ గది తలుపు కనబడదు. సైనస్ ఎక్స్‌రేలో మిగతా ఎముకల నీడలు దాన్ని కప్పేస్తాయి. పేషెంటు కన్ను అంటే కళ్ల డాక్టరు, తల అంటే న్యూరాలజిస్టు చూస్తారు. ముక్కు బాగానే ఉన్న మనిషిని ఈఎన్‌టీకి పంపాలని తోచదు. మా పిన్ని అన్ని గుమ్మాలూ ఎక్కి చివరికి వెళ్లింది ఈఎన్‌టీ దగ్గరికి.

ఒక్క గదే ఎందుకు

మామూలు సైనసైటిస్ ఒక్క గదిలో ఆగదు. బుగ్గ, కళ్ల మధ్య అరలు, నుదురు కలిసి వాస్తాయి, తరచు రెండు పక్కలా. మిగతా గదులన్నీ శుభ్రంగా ఉండి స్ఫినాయిడ్ ఒక్కటే, అదీ ఒక పక్కే నిండిపోయిందంటే "ఇందులో ఏముంది?" అని ప్రత్యేకంగా అడగాల్సిందే. వైద్యులు దీన్ని విడిగా ఐసోలేటెడ్ స్ఫినాయిడ్ జబ్బు అంటారు. అది ఒక జబ్బు పేరు కాదు, ఒక ప్రశ్న పేరు.

జవాబు చాలాసార్లు వాపు, ఇన్ఫెక్షన్ కోవలోదే. బాక్టీరియాతో చీము పట్టడం ఒకటి. తలుపు శాశ్వతంగా మూసుకుపోయి శ్లేష్మం ఏళ్ల తరబడి పోగై, గోడల్ని నెమ్మదిగా నెట్టుకుంటూ బుడగలా పెరిగే మ్యూకోసీల్ ఇంకొకటి. ఇది కణితి కాదు, కానీ కంటి నరం మీద ఒత్తిడి పెడితే కణితి చేసే పనే చేస్తుంది. మూడోది ఫంగల్ బాల్. దీని దగ్గర కాసేపు ఆగాలి.

2021 తర్వాత మన దగ్గర ఫంగస్ అన్న మాట వింటే గుండె జారిపోతుంది. కోవిడ్ రెండో అల తర్వాత బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోవడం, యాంఫోటెరిసిన్ ఇంజక్షన్ల కోసం జనం పరుగులు పెట్టడం ఎవరూ మర్చిపోలేదు. తెలంగాణ ఆ మే నెలలోనే దాన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. షుగర్ అదుపులో లేనివాళ్లలో, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లలో రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి కణజాలాన్ని చంపేస్తుంది. ఫంగల్ బాల్ అలాంటిది కాదు. సాధారణంగా ఆస్పర్జిల్లస్ అనే బూజు గదిలో గాలితో వచ్చి చేరి, పొరలు పొరలుగా ముద్దకట్టి ఉండిపోతుంది. పొరలోకి చొచ్చుకుపోదు. ఎక్కువగా వయసు మళ్లినవాళ్లలో, ఆడవాళ్లలో, రోగనిరోధక శక్తి బాగానే ఉన్నవాళ్లలో కనిపిస్తుంది. ముద్దను తీసి, తలుపు పెద్దది చేస్తే చాలు. ఫంగస్ మందులు సాధారణంగా అవసరం పడవు. ఒకే మాట కింద ఇంత దూరంగా ఉన్న రెండు జబ్బులున్నాయి, రిపోర్టులో ఫంగస్ అని చూడగానే ఏది అని అడిగి తెలుసుకోవాలి.

ఫంగస్ కోవలోనే ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. షుగర్ ఉన్న మనిషికి ఒక కంటి చూపు తగ్గి, వెనక నొప్పి ఉంటే, కంటి నరం వాపు అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెట్టే అవకాశం ఉంది. కారణం స్ఫినాయిడ్‌లోని చొచ్చుకుపోయే రకం ఫంగస్ అయితే ఆ స్టెరాయిడ్ మంటలో కిరసనాయిలు పోసినట్టే. మన ఇళ్లలో షుగర్ ఎంత ఎక్కువో తెలిసిందే కాబట్టి, అలాంటప్పుడు "సైనస్ స్కాన్ కూడా చూశారా డాక్టర్ గారూ?" అని అడగడంలో తప్పు లేదు.

మిగిలిన జవాబుల్లో కణితులున్నాయి: ఇన్వర్టెడ్ పాపిలోమా, కార్డోమా, కిందికి దిగిన పిట్యూటరీ కణితి, కొన్నిసార్లు కేన్సర్. కెరోటిడ్ ధమని ఉబ్బి గదిలోకి వాలి ఉండవచ్చు. పక్క గోడలో చిల్లు పడి మెదడు పొర సంచిలా లోపలికి జారి ఉండవచ్చు. అలాంటివాళ్లకు వంగినప్పుడు ఒక ముక్కు రంధ్రం నుంచే నీళ్లలాంటిది చుక్కలు చుక్కలుగా కారుతుంది, ఉప్పగా ఉందంటారు. అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే ద్రవం. ఇందుకే స్కాన్లు చూడకుండా ఎవరూ ఆ గదిలోంచి ముక్క తీయరు, తీయకూడదు. పాలిప్ (వాచిన పొర నుంచి పెరిగే మెత్తటి కండ) అనుకుని గిల్లింది రక్తనాళం అయితే ఆపడం చాలా కష్టం.

ఏ జబ్బూ కానిది కూడా ఒకటుంది. చిన్నప్పుడు గాలి చేరడం మధ్యలో ఆగిపోయి, ఆ భాగం కొవ్వుతో, మందపాటి ఎముకతో మిగిలిపోవచ్చు. స్కాన్‌లో కణితిలా భయపెడుతుంది. గోడల్ని నెట్టదు, నరాల్ని నొక్కదు, ఏమీ చేయనక్కర్లేదు. అనుభవం ఉన్న రేడియాలజిస్టు చూసి చెప్పగలరు.

రెండు స్కాన్లు ఎందుకు

"ఎంఆర్ఐ తీశాం కదా, మళ్లీ సీటీ ఎందుకు, డబ్బులు గుంజడానికా?" అని బాబాయి అడిగాడు. న్యాయమైన అనుమానమే. కానీ ఈ గది విషయంలో రెండూ కావాలి. సీటీ ఎముకను చూపిస్తుంది: గోడ పలచబడి ఉబ్బిందా (మ్యూకోసీల్), మందంగా గట్టిపడిందా (ఏళ్ల నాటి వాపు, ఫంగల్ బాల్), పురుగు తిన్నట్టు అరిగిపోయిందా (కేన్సర్ అనుమానం). ఎంఆర్ఐ లోపల ఉన్నది నీరా, చీమా, కండా అన్నది, మెదడూ నరాలూ ఎలా ఉన్నాయన్నది చూపిస్తుంది.

ఎంఆర్ఐ ఒక చోట మాత్రం మోసం చేస్తుంది. ఫంగల్ బాల్‌లో నీరు తక్కువ, లోహపు లవణాలు, సున్నం ఎక్కువ. కొన్ని రకాల ఎంఆర్ఐ చిత్రాల్లో అది నల్లగా కనిపిస్తుంది. గాలి కూడా నల్లగానే కనిపిస్తుంది. అంటే నిండిపోయిన గది ఖాళీ గదిలా ఉంటుంది. పిన్నికి జరిగింది ఇదే. ఎంఆర్ఐలో పొర మందం తప్ప మధ్యలో అంతా నలుపే. సీటీ తీస్తే ఆ నలుపు స్థానంలో గది నిండా బూడిదరంగు ముద్ద, నడుమ సున్నపు తెల్ల చుక్కలు, చుట్టూ ఎముక రెండో పక్కకన్నా రెట్టింపు మందం. కుడి గది మాత్రం ఖాళీగా ఉంది. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి డాక్టరు గారు చూపించినప్పుడు, స్కాన్ చదవడం రాని నాకూ తేడా తెలిసింది.

తలుపు తెరవడం

అప్పుడే మొదలైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ అయి, కంటికీ నరాలకూ ఇబ్బంది లేకపోతే సెలైన్‌లో యాంటీబయాటిక్, ముక్కు వాపు తగ్గించే చుక్కలతో ఒకటి రెండు రోజులు చూడవచ్చు. తగ్గకపోతే, లేదా చూపు తగ్గుతుంటే, ఆగకూడదు. నొక్కుకుపోయిన కంటి నరం త్వరగా వదిలితే తేరుకుంటుంది. వెలుతురు కూడా తెలియని స్థితికి వెళ్లాక వెనక్కి రావడం కష్టం. ఫంగల్ బాల్, మ్యూకోసీల్ ఎన్ని మందులు మింగినా పోవు. వాటికి ఆపరేషనే మందు.

ఆపరేషన్ బయట గాటు లేకుండా ఎండోస్కోపుతో ముక్కులోంచే. ముక్కు లోపల పైన ఉండే మడత పక్కన ఆ సహజమైన తలుపును వెతికి, దాన్ని కిందికీ మధ్యకూ పెద్దది చేస్తారు. తలుపు కింద అడ్డంగా ఒక చిన్న ధమని వెళ్తుంది, అది తెగితే రక్తం బాగా కారుతుంది, కాబట్టి ముందే జాగ్రత్త పడతారు. లోపల మధ్యగోడను పట్టుకుని మెలితిప్పరు. ఇందాక చెప్పుకున్నట్టు దాని అవతలి కొస కెరోటిడ్ మీది ఎముకకు అతుక్కుని ఉండవచ్చు. కొందరిలో కళ్ల మధ్య అరల్లో చివరిది స్ఫినాయిడ్ పైకి పాకి, కంటి నరాన్ని తన కడుపులో దాచుకుని ఉంటుంది. హంగేరీ వైద్యుడు అడాల్ఫ్ ఓనోడి పేరు మీద దాన్ని ఓనోడి గది అంటారు. అందులోకి వెళ్లి స్ఫినాయిడ్‌లో ఉన్నాననుకుంటే కంటికే ముప్పు. ఇవన్నీ సీటీలో ముందే చూసుకుని వెళ్లాల్సినవి, అందుకే సర్జన్ ఆ ఫిల్ముల ముందు అంతసేపు నిలబడతారు.

పిన్ని గదిలోంచి వచ్చింది పుట్టమట్టిలాంటి ముద్ద. ముదురు గోధుమ రంగు, మధ్యలో పచ్చని చారలు, వేలితో నొక్కితే పొడిపొడి అయ్యేది. చిన్న సీసాలో వేసి పరీక్షకు పంపే ముందు మాకు చూపించారు. చింతగింజంత కూడా లేదు. ల్యాబ్ రిపోర్టులో ఆస్పర్జిల్లస్ అనీ, పొరలోకి చొచ్చుకుపోలేదనీ వచ్చింది. ఫంగస్ మందు ఇవ్వలేదు. కొన్ని వారాల పాటు ముక్కు గట్టిగా చీదవద్దన్నారు, రోజూ ఉప్పునీళ్లతో కడుక్కోమన్నారు. ఆ నీళ్లు కాచి చల్లార్చినవే అయి ఉండాలని రెండుసార్లు చెప్పారు, ఎందుకంటే కాచని నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణాంతకం. ఇది సైనస్ ఆపరేషన్ అయినవాళ్లకే కాదు, ఇంట్లో ముక్కు కడుక్కునే అలవాటు ఉన్న ప్రతివాళ్లకూ.

తలనొప్పి వారంలో తగ్గింది. రెండుగా కనిపించడం పోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. నరం నెమ్మదిగా కోలుకుంటుంది, ఆ రోజుల్లో ఒక కంటికి గుడ్డ కట్టుకుని కూరలు తరిగేది.

మూడో నెలలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. డాక్టరు గారు ముక్కులోకి సన్నని గొట్టం పంపి స్క్రీన్ మా వైపు తిప్పారు. గులాబీ రంగు గది, తడిగా మెరుస్తోంది, మచ్చ లేదు. ఒక పక్క గోడ మీద చిన్న ఉబ్బు, సన్నగా లయగా కదులుతోంది.

"అదేంటి డాక్టర్ గారూ, కొట్టుకుంటోంది?" అంది పిన్ని, తల కదపకుండా.

"మీ మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం అమ్మా."

పిన్ని చాలాసేపు స్క్రీన్ వంకే చూస్తూ ఉండిపోయింది.